తొమ్మిదో వెంట్రుక

మా తాత రత్నరాజు ఊరూరా తిరిగి మనుషుల బొమ్మలు వేసేవాడు. రంగూన్, కొలంబో, మద్రాసు. ఎక్కణ్ణుంచి ఇంటికొచ్చినా, గుమ్మంలో చెప్పులు విప్పగానే గోడమీదున్న తన బొమ్మకి ఒక తెల్లవెంట్రుక దిద్దేవాడు. అలా ఎనిమిది దిద్దాడు. తొమ్మిదోసారి విశాఖ రేవులో ఓడెక్కినవాడు యాభై ఏళ్లయినా తిరిగి రాలేదు.

ఈ రాత్రి కరెంటు పోయింది. ఫోను వెలుగులో ఆ బొమ్మ దుమ్ము తుడుస్తూ ఊరికే లెక్కపెట్టాను.

"నానమ్మా, తొమ్మిదున్నాయేటి?"

చూపులేని మా నానమ్మ ఆరోగ్యమ్మ వచ్చి కాన్వాసు తడిమింది. ఆమె వేలికి ఇంకా ఆరని తెల్లరంగు అంటుకుంది. భయపడలేదు. కొంగు సవరించుకుంది.

"మిరియం, గుమ్మం కాడ సెప్పులున్నాయేమో సూడు. ఉంటే ఇంకో కంచం ఎట్టమ్మా."

ఫోను అటు తిప్పడానికి నాకు చెయ్యి రావడం లేదు.