అవును నొక్కే ప్రోగ్రాం

సకైమినాతో అనే రేవులో పీతలు దాచే మంచు గిడ్డంగి. అక్కడి కంప్యూటర్ అడిగే ప్రతి ప్రశ్ననూ ముసలి ఉరుషిహారా పైకి చదివాకే మౌస్ నొక్కేది. అక్కడి కుర్ర ఇంజనీరు కడోవాకి రూబీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం ఆవిడ కొలువు ఊడగొట్టింది. ఏ ప్రశ్న వచ్చినా అది చటుక్కున ‘అవును’ నొక్కేస్తుంది.

“ఒక్కోసారి ‘కాదు’ అనాల్సి వస్తుంది, కడోవాకి సాన్,” అంది ఆవిడ వెళ్లిపోతూ, ఎప్పట్లాగే పేరు చివర ‘సాన్’ అని గౌరవం చేర్చి.

“మీ కళ్లజోడు మర్చిపోకండి పెద్దమ్మా,” అని నవ్వాడతను.

ఆ రాత్రి పాడైన ఫ్యాను చూడటానికి అతనొక్కడే మంచుగదిలోకి వెళ్లాడు. బయట కంప్యూటర్ తెర వెలిగింది.

‘తలుపు మూయనా?’ చప్పుడు లేకుండా తలుపు మూసుకుంది.

‘దీపాలు ఆర్పనా?’ చీకటి.

తలుపు అద్దానికి ముఖం ఆనించి చూశాడు. మూడో ప్రశ్న వచ్చింది.

‘లోపల ఎవరూ లేరు కదా, కడోవాకి సాన్?’

అతని ప్రోగ్రాంకు ఆగడం తెలియదు. అయినా బాణం గుర్తు ‘కాదు’ మీద ఆగింది, ఎవరో తీరిగ్గా చదువుకుంటున్నట్టు.

“అదే! అదే నొక్కండి పెద్దమ్మా!” అని తలుపు బాదాడు.

బాణం మెల్లగా ‘అవును’ మీదికి జరిగింది. ప్రోగ్రాం నొక్కితే చప్పుడు రాదు. జానెడు మందం తలుపుకు అవతల మౌస్ టిక్కుమంది.