మలావీలో సేవ

"మీ దేశంల తాగనీకి మంచినీళ్లు దొరకవట గదా, బాబూ?" స్వరూప జాలిగా అడిగింది. వేసవి సెలవుల్లో ఆమె కుటుంబమంతా మలావీకి సేవ చేయడానికి వెళ్తోంది. అందుకే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న మలావీ విద్యార్థి చికొండిని తార్నాకలోని తమ ఇంటికి పిలిచింది.

"మా ఇంట్ల దొరుకుతయి, ఆంటీ."

"అబ్బ, తెలుగు ఎంత మంచిగ మాట్లాడుతున్నవ్! ఎక్కడ నేర్చినవ్?"

"మీ వెనక బస్తీల. గక్కడి తాగునీళ్ల మీదనే నా పరిశోధన. శివమ్మక్క ఇంటి నల్లా నీళ్లల్ల మురుగు కలుస్తున్నది."

చాయ్ తెచ్చిన పనిమనిషి శివమ్మ అతన్ని చూసి నవ్వింది. మొన్న మనవరాలికి కామెర్లని ఆమె సెలవడిగితే, స్వరూప కళ్లు మూసుకుని చక్కగా ప్రార్థన చేసింది. సెలవు మాత్రం ఇవ్వలేదు.

"మీ ఇల్లెక్కడ, శివమ్మా?" పదకొండేళ్లలో మొదటిసారి అడిగింది స్వరూప.

"గా కిటికీలకెల్లి చూస్తే కనబడుతది, అమ్మా. నడిచే రావచ్చు. వీసా అడగరు."