ఉక్కు పరువు

ఒడ్డున, ట్రక్కు వెనక తగిలించుకుని సామాను లాక్కెళ్లే రెండు ట్రైలర్లు పక్కపక్కన నిలిచి ఉన్నాయి. ఒకటి నల్లరంగు తళతళలాడే ఉక్కుది; రెండోది వెలిసిన వెండిలాంటి అల్యూమినియంది.

వాటి ముందు సరస్సు. సరస్సు మీద మార్చి నెల మంచు.

ఆ మంచు నడుమ ఆర్విడ్ హాగ్డాల్ చేపల గుడిసె, శీతకాలమంతా ఆయన మంచుకు కన్నం పెట్టి గాలం వేసి కొలువుతీరిన ఆస్థానం, ఒంటరిగా మిగిలి ఉంది. తక్కినవాళ్లు తమ గుడిసెలను ఎప్పుడో ఒడ్డుకు చేర్చుకున్నారు. గుడిసెలు తీసెయ్యడానికి కౌంటీ అధికారులు పెట్టిన గడువు రేపటితో సరి.

"నా ట్రైలరు తీసుకెళ్లు అన్నయ్యా," అన్నాడు డెల్మర్.

అన్నదమ్ములిద్దరూ కిందటి ఆకురాలు కాలంలో ఒకే దుకాణానికి, ఒకే పూట వెళ్లారు. తేలిక, పైగా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకు తుప్పు పట్టదు అని తమ్ముడు అల్యూమినియం ఎంచుకున్నాడు. విరిగితే మన షెడ్డులోనే వెల్డింగు చేసుకోవచ్చు, వంగినా ముందు చెప్పి వంగుతుంది అని అన్న ఉక్కును వరించాడు.

ఇద్దరి వాదమూ న్యాయమైనదే. అక్కడితో ఆగితే ఏ చిక్కూ ఉండేది కాదు.

కానీ ఆర్విడ్ మహావక్త. ఎరలమ్మే కొట్లో ఉదయపు కాఫీల వేళ ఆయన శీతకాలం పొడుగునా లోహశాస్త్రం ఉపన్యసించాడు. "మావాడు సత్తు గిన్నెకి చక్రాలు తగిలించుకున్నాడ్రా. చర్చి విందుకి కూర మోసుకెళ్లడానికి బాగుంటుంది."

ఊరంతా నవ్వింది. డెల్మర్ కూడా నవ్వాడు.

ఆ శ్రోతలే ఈ ఉదయం సాయం పట్టే నెపంతో, కాఫీ కప్పులతో సహా, ఒడ్డున సభ తీరారు.

డెల్మర్ గొంతు తగ్గించాడు. "నీదాని బరువులో సగం ఉండదిది. మంచు కరిగి నల్లబడింది, చూస్తున్నావుగా. నాది తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు."

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది అనుకుంది లెనోరా. ఆర్విడ్‌తో ఆమె చేసిన కాపురం సామాన్యమైనది కాదు. ఏ మాటకు ఆయన మెడ నిటారుగా బిగుస్తుందో ఆమెకు తెలుసు.

"ఏం ఆర్విడ్," అన్నాడు కప్పులవారిలో ఒకడు, "గుడిసె సత్తు గిన్నెలోనే తెచ్చుకుంటావా?"

ఆర్విడ్ వెళ్లి ఉక్కు ట్రైలరును తన ట్రక్కు కొక్కేనికి తగిలించాడు.

"వదినా, నువ్వైనా చెప్పు."

లెనోరా ట్రక్కెక్కి కూర్చుంది. తాను పక్కనుంటే ఆయన నెమ్మదిగా నడుపుతాడు. ఆమె దగ్గరున్న ఆయుధం అదొక్కటే.

మంచు మీద బండి నడిపేటప్పుడు సీటు బెల్టు పెట్టుకోరు, కిటికీ అద్దాలు దించే ఉంచుతారు. బండి మునిగితే బయటపడే దారి అదే. ఆ ఊళ్లో అది వాకింట్లో చెప్పులు విడవడం లాంటిది. ఎవరూ ఎవరికీ గుర్తుచేయరు.

వెళ్లేటప్పుడు ఆర్విడ్ కూడా ఆ మర్యాద పాటించాడు.

గుడిసె సులువుగానే ట్రైలరెక్కింది. ఆయన దాన్ని గొలుసులతో బిగించి, ఉక్కు చట్రాన్ని పట్టపుటేనుగును తట్టినట్టు తట్టాడు.

తిరుగు దారిలో, ఒడ్డున ముఖాలు ఆనవాలు కట్టేంత దగ్గరయ్యాక, ఆయన రెండు అద్దాలూ ఎత్తేశాడు. బెల్టు పెట్టుకున్నాడు.

"చలి," అన్నాడు.

చలి లేదు. మంచు మీద నీళ్లు మెరుస్తున్నాయి.

తెరిచిన కిటికీని చూసి, ఉక్కు మీద ఆయనకే నమ్మకం లేదని సభవారు అనుకోవచ్చు. అంతటి అపకీర్తిని ఆయన తెచ్చుకోదలచలేదు.

లెనోరా తలుపు బయట వెనక దారి చూపే అద్దంలోకి చూసింది. వెనక, ట్రైలరు చక్రాల జాడల్లోకి నీరు ఊరుతోంది.

జనవరిలో ఈ సరస్సు రాత్రింబవళ్లు మూలుగుతుంది. ఆ మూలుగు వింటూ ఊరు నిశ్చింతగా నిద్రపోతుంది. మంచు గట్టిపడుతున్న చప్పుడది. లోలోపల కరిగి కుళ్లిన మంచు మూలగదు.

ఇప్పుడు ఏ చప్పుడూ లేదు.

ఒడ్డున డెల్మర్ తన బండిలోంచి తాడు తీశాడు. ఒక కొసను కప్పులవారి చేతికిచ్చి, రెండో కొసను నడుముకు కట్టుకుంటున్నాడు. వాళ్లు కప్పులు నేల మీద పెట్టేశారు. ఎవరూ నవ్వడం లేదు.

"ఆర్విడ్, బెల్టు తీసెయ్."

"ఉక్కు, లెనోరా," అన్నాడాయన, పసిపిల్లకు పాఠం చెబుతున్నంత ఓర్పుగా.

లెనోరా తన వైపు కిటికీ అద్దం పూర్తిగా దించింది. తరువాత వంగి, ఆయన నడుము పక్కన చెయ్యి పెట్టి, బెల్టు విప్పింది.

ఆయన ఆమె వైపు చూడలేదు. కళ్లు ఒడ్డు మీదనే నిలిపి, ఒక చేత్తో బెల్టు మళ్లీ లాక్కున్నాడు.

అది టక్కుమంది.

సరస్సు ఏమీ అనలేదు.