సముద్రం చూపిస్తానన్న ఆమె

నాకు అక్షరాలు పట్టుబడింది తల నెరిసినాక. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మీరే సర్దుకుని చదవండి. చెయ్యి నిదానం కాబట్టి చిన్న కథే రాస్తున్నాను.

ఆత్మకూరులో డయాలసిస్ హాలు బయట, బల్ల మీద ఒక కొత్త మనిషి వచ్చి సారా పక్కన కూర్చుంది.

సారా మొగుడు డేవిడ్‌రాజు లోపల పడుకుని ఉన్నాడు. ఉదయగిరిలో ట్రాక్టరు తోలేవాడు. రెండు కిడ్నీలూ చెడిపోయాయి.

మార్చాల్సిందే అన్నారు డాక్టర్లు. కన్నతల్లో, తోడబుట్టినవాళ్ళో ఇస్తే మేలన్నారు.

డేవిడ్‌రాజుకు ఎవరూ లేరు. నడక కూడా సరిగా రానప్పుడే ఎవరో బాప్టిస్టు హాస్టల్ గడపలో వదిలి వెళ్ళారు. సారా తన కిడ్నీ ఇస్తానంది. షుగరున్న మనిషివి, కుదరదన్నారు.

ఆ రోజు నుంచి సారా కనపడిన ప్రతి డాక్టరు కాళ్ళూ పట్టుకుంటోంది. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద పడితే లేవడం లేదు.

కొత్త మనిషికి యాభై దాటి ఉంటాయి. వైజాగ్ నుంచి వచ్చానంది. ఇక్కడ ఎవరికి బాగాలేదని సారా అడిగితే, తెలిసినవాళ్ళకని నసిగింది.

డేవిడ్‌రాజు బయటికి వచ్చి కూలబడ్డాక, ఆమె అతని ఎదుటికి జరిగి వాళ్ళ ఊరి కబుర్లు ఎత్తుకుంది. అక్కడా ఎండే, కానీ ఆ ఎండ మనిషిని మాడ్చదంది. పొద్దున్నే సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడంది. పడవలొస్తాయి, చేపలు ఇసుక మీద ఎగురుతుంటాయి. సాయంత్రమైతే ఊరంతా బీచ్ రోడ్డుకు వచ్చేస్తుంది, లక్షలున్నవాడూ కూలివాడూ ఒకే ఇసుకలో కూర్చుని ముంత మసాలా తింటారంది.

డేవిడ్‌రాజు కళ్ళు విప్పార్చుకుని విన్నాడు. రోజుకు రెండు గ్లాసులకు మించి నీళ్ళు తాగకూడని మనిషి.

"అక్కడ కొండలు కూడా ఉండాయంట గదా?" అన్నాడు.

"కొండ పాదాలు సముద్రంలోనే ఉంటాయి నాయనా."

"మాకు కొండ ఉండాది. సముద్రమే తక్కువ" అని నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

ఆ నవ్వు చూసి సారా, తెచ్చుకున్న సద్దిలో సగం ఆమెకు పెట్టింది.

తర్వాతి విడతకు కూడా ఆమె వచ్చింది. ఈసారి సారాను పక్కకు పిలిచింది. ఇద్దరూ వచ్చి తమ ఇంట్లో ఉండమంది. అక్కడ పెద్దాసుపత్రి ఉంది, డయాలసిస్ ఆగదు, పొద్దూ మాపూ సముద్రం గాలి తగిలితే మనిషి తేరుకుంటాడంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, అతనిది ఏ బ్లడ్ గ్రూపని అడిగింది.

సారా రెండడుగులు వెనక్కి వేసింది.

మా మెట్ట ఊళ్ళల్లో ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ముందు అడిగేది, ఎవరి తాలూకు అని. అది చెప్పని మనిషికి మంచం వాల్చరు. పైగా పోయినేడు సీతారామపురం దగ్గర ఇద్దరిని ఇట్లాగే పట్నం చూపిస్తామని తీసుకుపోయి, కిడ్నీ కోసుకుని పంపారని ఊరూరా చెప్పుకున్నారు.

"అక్కా, నువ్వు ఎవరి తాలూకు?" అంది సారా.

"అక్కడికి రండమ్మా. నిదానంగా చెబుతాను."

"ఈడ చెప్పకూడని తాలూకు ఏంది అది?"

ఆమె హాలు వైపు చూసింది.

"కిడ్నీల బేరానికి వచ్చినావా?" అని సారా కేక పెట్టింది. "ఆయనవి చెడిపోయినాయి, నీకు పనికిరావు, నావి కావాలా? చచ్చేవాళ్ళ దగ్గర కూడా గిరాకీ చూసుకుంటావా?"

జనం మూగారు. కొడుకును చూపించడానికి వచ్చిన వెంగయ్య ఆమె సంచి లాక్కుని బస్టాండు దాకా నడిపించాడు. పోలీసుల మాట ఎత్తేసరికి ఆమె నెల్లూరు బస్సెక్కింది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

ఆ సాయంత్రం బస్సులో డేవిడ్‌రాజు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు.

"తరిమేసినావంట గదా."

"నిన్ను కాపాడుకున్నా."

"కోస్తే కోసినారు. ఒక్క పూట ఆ ఇసుకలో కూర్చొని వచ్చుందును గదే" అన్నాడు.

సారా కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ నెల దాటలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నెల్లూరుకు తీసుకుపోతుంటే సంగం దాటాక దారిలోనే పోయాడు.

సమాధి దగ్గర హాస్టల్ పాత వార్డెను రాజమోహన్ సారు కర్ర పోటేసుకుని వచ్చాడు. డేవిడ్‌రాజును పెంచింది ఆయనే. మన్ను వేసి, చేతులు దులుపుకుని, జనంలో ఎవరికోసమో వెతికాడు.

"వైజాగ్ నుంచి ఆమె రాలేదా అమ్మా?" అన్నాడు.

"ఏ ఆమె సారూ?" అంది సారా.

ఆ వైజాగ్ ఆమెకు వాళ్ళమ్మ ప్రాణం పోయే ముందు, అప్పట్లో తన పసిబిడ్డను ఎక్కడ వదిలిందో చెప్పి పోయిందంట. ఆ మాట పట్టుకుని ఆమె హాస్టల్‌కు వచ్చి ఆరా తీసింది. జబ్బు సంగతి విని వైజాగ్ వెళ్ళి, డాక్టర్లకు చూపించుకుని మళ్ళీ వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని సారు దగ్గర మాట తీసుకుంది.

"'కన్నతల్లే వదిలేసిందని ఆ మంచం మీద ఉన్నోడికి ఎట్లా చెప్పేది సారూ, సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి నిదానంగా చెప్పుకుంటాను' అని ఏడ్చింది" అన్నాడు రాజమోహన్ సారు. "'తమ్ముడికి నా కిడ్నీ ఇచ్చేదానికే వచ్చినా' అంటే, నేనే దగ్గరుండి ఆత్మకూరు బస్సెక్కించినా."

— గుండాల మస్తానమ్మ, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉండేది అనుమసముద్రంపేటలో, మా చిన్నమ్మాయి దగ్గర.