ఆఖరి దుంగ

"ఈ టేకు దుంగ కోసిన రోజున మిల్లు మూసేసి నీ దారిన నువ్వు పోరా," అన్నాడు కోతమిల్లు యజమానితో వాళ్ళ నాన్న, కన్నుమూసే ముందు.

ముప్పై ఏళ్ళయింది. దుంగ పచ్చిగా ఉందని కొన్నాళ్ళు, వానలని కొన్నాళ్ళు గడిపాడు కొడుకు. ఈ ఆవిరి బాయిలర్ మెడకు గుదిబండ అయిందని కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. నిన్న పొద్దున భార్య తేల్చేసింది.

"రేపు కోసేయండి. ఎల్లుండి మా చెల్లెలి ఊరు వెళ్ళిపోదాం."

"సరే," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆమే ఆశ్చర్యపోయింది. సాయంత్రం బాయిలర్ కడిగొస్తానని హుషారుగా మిల్లుకు కూడా వెళ్ళాడు.

ఇవాళ ఆమె దగ్గరుండి దుంగను రంపం ముందుకు నెట్టించింది. బాయిలర్ ఆవిరి అందుకుంది, బెల్టు తిరిగింది. రంపం మూరెడు దిగి కీచుమంది. పళ్ళు ఊడి రేకు గోడకు తగిలాయి.

ఆమె వంగి చూసింది. చెక్కలో ఇంత పొడుగు మేకు.

"నాన్న పనే ఇది," అన్నాడాయన తల తిప్పుకుని. "నన్ను కదలనివ్వకూడదని అప్పుడే కొట్టి ఉంటాడు. కొత్త రంపం రావాలంటే రెండు నెలలు పడుతుంది."

మేకు తల కనబడకుండా పైన రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చి ఉంది. ఆమె దానిమీద వేలు పెట్టింది.

వేలు అతుక్కుంది. జిగురు ఇంకా ఆరలేదు.

ఆమె ఆ వేలు కొంగుకు తుడుచుకుంది.

"రంపానికి ఉత్తరం రాయండి," అంది. "చెల్లెలికి నేను రాసుకుంటాను."