తన పేరున ఏమీ లేనివాడు

గేటు బయట కెమెరాలు అప్పటికే గోడెక్కాయి. పన్నుల్లేని దీవుల్లో డబ్బు దాచుకున్న ఘనుల వివరాలు పొద్దున్నే పేపర్లో పడ్డాయి మరి.

“మన దీవి కంపెనీ పేరు కూడా వేశారు సార్,” అన్నాడు ఆడిటర్ మెడ తుడుచుకుంటూ. “ఓనరు తనంతట తాను ముందుకొచ్చి పన్నూ, జరిమానా కట్టేస్తే జైలు తప్పుతుంది. కాకపోతే ఆస్తిలో సగం పోతుంది.”

“సగమా!” చైర్మన్‌కి పొలమారింది. “సగం కట్టేవాడినైతే సముద్రం దాటి దీవి వెతుక్కోవడం ఎందుకయ్యా? సరే, ఈ ఇల్లు ఎవరిది?”

“కంపెనీది.”

“కారు? ఫ్యాక్టరీ?”

“అన్నీ కంపెనీవే.”

“కంపెనీ?”

ఆడిటర్ గొంతు తగ్గించాడు. “మీ బావమరిదిది.”

“ఇక నా పేరున ఏముంది? రొక్కమిచ్చి కొనుక్కున్న ఈ చెప్పులు! చెప్పులున్నాయని జైల్లో వేస్తారా?”

బావమరిది కాఫీ ట్రేతో వచ్చాడు. భార్యతోపాటు వచ్చిపడిన ఈ సరుకును చైర్మన్ మొదట్నుంచీ నష్టాల కిందే రాసుకున్నాడు. తిండి దండగ, బట్టలు దండగ. చూపించిన చోటల్లా సంతకం పెట్టడం ఒక్కటే రాబడి.

“బావగారూ, సగం కట్టేద్దామండీ. నాకు భయంగా ఉంది.”

“నోర్ముయ్‌రా! కట్టేద్దామట, మీ తాత మూట కట్టి ఇచ్చినట్టు! నువ్వు లోపలికెళ్తే ఇంటి భోజనం పంపిస్తాలే.”

“నిజంగా పంపిస్తారా బావగారూ?”

“మీ అక్క ఊరుకోదు కదా. తప్పుతుందా!”

చైర్మన్ లేచి, జుట్టు కాస్త చెదరగొట్టుకున్నాడు. జాలి కూడా సరుకే, చూపులకు బాగుంటేనే అమ్ముడవుతుంది. అందుకే చెప్పులు సోఫా దగ్గరే విడిచి, వట్టికాళ్లతో గేటు దాకా నడిచాడు.

“ఆ కంపెనీకీ నాకూ ఏ సంబంధమూ లేదు,” అన్నాడు కెమెరాల ముందు చేతులు జోడించి. “అందులో చిల్లిగవ్వ కూడా నాది కాదు. ఇల్లూ వాకిలీ సమస్తం మా బావమరిదివే. ఏదో చుట్టరికం కొద్దీ వాడి పంచన పడి ఉన్నాను. నా బిడ్డల మీద ఒట్టు!”

మాటకి కన్నీటి చుక్క కొసరు వేశాడు. బేరం కుదిరింది. దేశమంతా విన్నది.

కాళ్లు చుర్రుమంటుంటే గెంతుకుంటూ లోపలికొచ్చాడు చైర్మన్. సోఫాలో ఆయన చోట బావమరిది కూర్చుని, ఆయన కప్పులో కాఫీ తాగుతున్నాడు. టీవీలో చైర్మన్ ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

“లేవరా అక్కణ్నించి!”

బావమరిది లేవలేదు. ఆడిటర్ వైపు తిరిగాడు. “సగం కట్టేస్తున్నానని చెప్పండి. మిగిలిన సగం నాకు చాలు.”

“అలాగే సార్,” అన్నాడు ఆడిటర్, చేతులు కట్టుకుని.

బావమరిది వంగి, సోఫా దగ్గరి చెప్పులు తీసి, దుమ్ము దులిపి, చైర్మన్ ముందు ఒద్దికగా పెట్టాడు.

“మీ ఆస్తి మర్చిపోయారు బావగారూ. తొడుక్కోండి... బయట ఎండగా ఉంది.”