పిట్ట ముట్టలేదు

పొద్దెక్కింది. పిట్ట ఇంకా ముట్టలేదు.

మానేరు ఇసుకలో విస్తరి పెట్టి గంట దాటింది. అన్నం, చేపల కూర, గారెలు, చిన్న ముంతలో కల్లు, పక్కన ఒక బీడీ. అన్నీ హనుమండ్లుకు ఇష్టమైనవే. ఆయన భార్య శంకరవ్వ తెల్లారకముందే లేచి వండింది. ఒడ్డున తుమ్మచెట్టు మీద కాకులు వరసగా కూర్చున్నాయి. దిగడం లేదు.

మనిషి పోయిన మూడో రోజు పెట్టిన మెతుకు పిట్ట ముట్టకపోతే, ఆ మనిషి మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అదేమిటో కనిపెట్టి మాట ఇవ్వాలి. పొద్దు నడినెత్తికి వచ్చేలోపల ముట్టకపోతే విస్తరి ఏట్లో కలపాల్సిందే. పోయిన ప్రాణం ఇక ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

కూతురు సత్తమ్మ పది అడుగుల దూరంలో కూర్చుంది. మూడు రోజులుగా ఆమెకు ఏడుపు రాలేదు. తడి ఆరిపోయి మెతుకులు విడివిడిగా అవుతున్నాయి. వాటినే చూస్తోంది.

"కల్లు తక్కువైనట్టుంది," అన్నాడు మేనమామ వెంకటి. ముంత నిండా పోశాడు. "బావా, ఇగ రా."

రాలేదు.

"బీడీ అంటియ్యలేగదరా," అన్నాడు లక్ష్మీరాజం. కరీంనగర్ ఫైర్ స్టేషన్‌లో హనుమండ్లు రిటైరయ్యేదాకా కలిసి పనిచేసిన మనిషి.

"నిప్పు కనవడితే తినుడు ఇడిసిపెట్టి ఆర్పనీకి ఉరుకుతడు," అన్నాడు వెంకటి.

ఇద్దరూ నవ్వారు. శంకరవ్వ నవ్వలేదు.

"పేరేమో లంక కాల్చినాయనది, కొలువేమో ఆర్పుడు. కొత్తల ఒకసారి గా మాటంటే నన్ను కొట్టవొచ్చిండు," అన్నాడు లక్ష్మీరాజం. "గని పని నేర్పింది ఆయననే. పిల్లలు మంటకు బయటికి ఉరకరు, దాసుకుంటరు అనేటోడు. పొగల కండ్లు పనిజెయ్యవు, నేల మీద పాకుకుంట చేతులతోటి దేవులాడు. చేతికి దొరికినోళ్ళను తడి గొంగట్ల సుట్టుకొని బయటవడు, ఆగి చూడకు. గిట్ల చెప్పేటోడు. గీ బిడ్డను గట్లనే తెచ్చుకున్నడట గద?"

వెంకటి తల ఊపాడు.

ఆ సంగతి సత్తమ్మ విన్నదే. నిజాం రాజ్యం పోయిన రెండో ఎండాకాలం. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు వెనక గుడిసెలు అంటుకున్నాయి. మూడేళ్ళ సత్తమ్మను పక్కింటి యాదవ్వకు అప్పజెప్పి శంకరవ్వ నీళ్ళకు పోయింది. మంటలార్పే బండి మీద వచ్చిన హనుమండ్లు గొంగడి తడుపుకొని యాదవ్వ గుడిసెలోకి దూరాడు. బిడ్డతో బయటపడ్డాడు. మళ్ళీ లోపలికి ఉరకబోతే నలుగురు పట్టుకున్నారు. కప్పు కూలింది. యాదవ్వ, సత్తమ్మ ఈడే ఉన్న ఆమె బిడ్డ అందులోనే పోయారు. నెల తిరక్కుండా హనుమండ్లు బదిలీ పెట్టించుకొని కరీంనగర్ వచ్చేశాడు.

సత్తమ్మకు అదేమీ గుర్తులేదు. గుర్తున్నది వేరే. పొద్దున డ్యూటీ దిగి వచ్చిన బాపు, ఖాకీ బట్టలు కూడా విప్పకుండా తన మంచం దగ్గరికి వచ్చేవాడు. దుప్పటి మెల్లగా తొలగించి ముఖం చూసేవాడు. చాలాసేపు చూసి మళ్ళీ కప్పేవాడు. పెళ్ళయి జగిత్యాలకు పోయేదాకా అదే. పేరుపెట్టి ఒక్కనాడూ పిలవలేదు. 'బిడ్డా' అనేవాడు.

అవ్వ తల దువ్వేది, కడుపునిండా పెట్టేది. ముఖంలోకి చూసి మాట్లాడింది మాత్రం తక్కువ. బాపుతో అయితే ఇంకా తక్కువ. ఆమె తీరే అంత అని వాడకట్టు ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. సత్తమ్మ కూడా అలాగే అనుకుంది.

లేచి విస్తరి దగ్గరికి పోయింది. తన గొంతు తనకే ఎవరిదో అన్నట్టు వినిపించింది.

"బాపూ, అవ్వను నేను తీస్కపోత. నా తాననే ఉంటది. ఫికర్ వెట్టుకోకు."

ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ రెండుసార్లు తిరిగింది. ముక్కు ముందుకు చాచి, మళ్ళీ ఎగిరి చెట్టెక్కింది.

"బిడ్డ మాటకు దిగింది గని ముట్టలే," అన్నాడు లక్ష్మీరాజం. "ఇంకేందో ఉన్నది."

నీడలు కాళ్ళ కిందికి వచ్చేశాయి. వెంకటి అక్క పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఇగ నువ్వే."

"నాకేం లేదు."

"లేకుంటే ఎందుకు రాదే?"

"నన్నెందుకు సతాయిస్తవ్‌రా?"

"ఇయ్యాల సుత అనకుంటే ఇగ ఎవలకు చెప్తవ్?" వెంకటి గొంతు తగ్గించాడు. "బావ ఒక్కడు ఎన్నొద్దులు మోస్తడక్కా?"

వెంకటి లేచి లక్ష్మీరాజం చెయ్యి పట్టుకున్నాడు.

"రావే కాక, జర అవుతలికి పోదాం."

ఇద్దరూ ఏటి ఒడ్డు దిక్కు నడిచారు. సత్తమ్మ కూడా పోదామనుకుంది. అక్కడే ఉండిపోయింది.

శంకరవ్వ లేచి వచ్చింది. సత్తమ్మ గదవ పట్టుకొని ముఖం పైకెత్తింది. కళ్ళు, ముక్కు, నుదురు, ఒక్కొక్కటే చూసింది. ఇంత దగ్గరగా అవ్వ తనను ఎప్పుడు చూసిందో సత్తమ్మకు గుర్తురాలేదు. గదవ వదల్లేదు.

అలా పట్టుకునే, చెట్టు దిక్కు తిరిగింది.

"ఇగో, ఇంటున్నవా... పొగల మన సత్తమ్మ అనుకొని యాదవ్వ బిడ్డను ఎత్తుకొచ్చినవని పదిహేడేండ్లు నీ మీద పెట్టుకున్న కోపం ఇయ్యాల ఇడుస్తున్న, వచ్చి ముట్టు."